జవాబు చెప్పలేనివారి సాక్ష్యం: చూపుకూ శబ్దానికీ మెదడు తరంగాల స్పందన

(స్మారకోపన్యాస పాఠం)

కొండవీటి రెడ్డిరాజులు దుర్గాలు కట్టిన పాలకులుగానే కాక, రంగస్థలం మీది దృశ్యమూ గాయకుని కంఠంలోని నాదమూ మనిషి మనసును ఎలా కదిలిస్తాయో శాస్త్రదృష్టితో ఆలోచించినవారుగా కూడా ప్రసిద్ధులు. పద్నాలుగో శతాబ్దం చివర పాలించిన కుమారగిరి రెడ్డి వసంతరాజీయమనే నాట్యశాస్త్ర గ్రంథానికి కర్త; అతని తరువాత 1402 నుంచి 1420 వరకు రాజ్యం చేసి, శ్రీనాథుణ్ణి విద్యాధికారిగా నిలుపుకున్న పెదకోమటి వేమారెడ్డి సంగీత చింతామణిని రచించాడు. ఆ గ్రంథకర్తలు రసానుభవం వైపు నుంచి పరిశీలించిన విషయాన్నే గత నూట యాభై ఏళ్ళలో నాడీశాస్త్రం శరీరం వైపు నుంచి పరిశీలించింది: వెలుగు కంటిలో పడినప్పుడు, ధ్వని చెవిని తాకినప్పుడు పుర్రె లోపల ఏమి జరుగుతుంది, ఎంతసేపట్లో జరుగుతుంది, దాన్ని బయటినుంచి కొలవడం సాధ్యమా? విద్యకూ వైద్యానికీ పాటుపడిన పెద్దల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం, ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలను వివరిస్తూ, ఒక అభిప్రాయాన్ని ముందుంచుతుంది. వినబడుతోందా, కనబడుతోందా అని అడిగితే జవాబు చెప్పలేని పసిబిడ్డ తరఫున, జంతువు తరఫున, స్పృహలేని రోగి తరఫున సాక్ష్యం చెప్పడమే ఈ తరంగాల అసలు ప్రయోజనం. ఆ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో గుర్తెరిగి వాడినప్పుడే అది మేలు చేస్తుంది.

కుందేలు నుంచి మనిషి దాకా

మెదడు పనిచేసేటప్పుడు అందులో విద్యుత్తు పుడుతుందన్న సంగతి ముందుగా బయటపడింది జంతువుల్లోనే. 1875లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదడు ఉపరితలానికి తీగలు ఆనించి, విద్యుత్తును కొలిచే గాల్వనోమీటరు పరికరంతో పరిశీలించి, జంతువు కదలకుండా ఉన్నప్పుడు సైతం ఆ విద్యుత్తు నిలకడగా ఉండదనీ, కంటిమీద వెలుగు పడినప్పుడు మెదడులో ఒక చోట అది స్పష్టంగా మారుతుందనీ ప్రకటించాడు. పదిహేనేళ్ళ తరువాత పోలండుకు చెందిన అడాల్ఫ్ బెక్ కుక్కలపైనా కుందేళ్ళపైనా ప్రయోగాలు చేసి, వెలుగుకూ చప్పుడుకూ మెదడు స్పందించే తీరును 1890లో వెల్లడించగా, వియన్నా శాస్త్రజ్ఞుడు ఫ్లైషల్ తాను ఇదే విషయాన్ని 1883లోనే రాసి, సీలువేసిన కవరులో అక్కడి అకాడమీకి అప్పగించానని ముందుకు వచ్చాడు. ఎవరు ముందన్న ఆ పేచీని, 1875 నాటి తన ప్రకటనను గుర్తుచేస్తూ 1891లో కేటన్ రాసిన ఉత్తరం తేల్చివేసింది.

పుర్రె తెరవకుండా మనిషి తలమీది నుంచే ఈ విద్యుత్తును నమోదు చేసిన ఘనత జర్మనీలోని యేనా నగరానికి చెందిన మానసిక వైద్యుడు హన్స్ బెర్గర్‌ది. 1924లో తొలి నమోదు చేసిన అతడు, తన ఫలితాలను తానే పదేపదే శంకించుకుంటూ, 1929లో గాని వాటిని ప్రచురించలేదు. నేడు ఆసుపత్రుల్లో ఈఈజీ అని పిలిచే పరీక్షకు అదే మూలం. కళ్ళు మూసుకుని స్థిమితంగా ఉన్న మనిషి తల వెనుకభాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే లయబద్ధమైన తరంగాలు, అంటే ఆల్ఫా తరంగాలు, కళ్ళు తెరవగానే అణగిపోతాయని బెర్గర్ గమనించాడు. కేంబ్రిడ్జికి చెందిన ఎడ్రియన్, మాథ్యూస్ 1934లో దాన్ని నిర్ధారించి, అదే సందర్భంలో ఒక నీటిపురుగు చూపునాడుల కేంద్రంలోనూ అటువంటి లయ కనబడుతుందని చూపడంతో, ఈ విద్యుత్తు మనిషికి మాత్రమే దక్కిన విశేషం కాదనీ, నాడీకణాలు గుంపుగా పనిచేసే ప్రతిచోటా పుట్టేదనీ తేలిపోయింది. 1939లో అమెరికాలో పాలీన్ డేవిస్, మేలుకుని ఉన్న మనుషుల ఈఈజీలో ధ్వనికి కలిగే మార్పును నేరుగా చూపింది.

ఘోషలో నుంచి ఏరడం

అయితే ఒక్క వెలుగుకు, ఒక్క ధ్వనికి పుట్టే స్పందనను మామూలు ఈఈజీలో చూడడం చాలా కష్టం. తలమీద నమోదయ్యే తరంగాలు పదుల మైక్రోవోల్టుల స్థాయిలో ఉంటాయి. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలో వంతు. ఒక చిన్న చప్పుడుకు మెదడు కాండంలో, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగంలో, పుట్టే స్పందన ఒక్క మైక్రోవోల్టు కూడా ఉండదు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల చుట్టూ చెలరేగే జనఘోషలో దూరాన ఒకడు కొట్టే డప్పు ఒక్క దెబ్బగా వినబడదు గాని, ఆ దెబ్బలు పడే వేళలు ముందే తెలిసి, ఆయా క్షణాల ధ్వనులను మాత్రమే ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోగలిగితే, ఘోష ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చి తనలో తాను రద్దవుతుంది, ప్రతిసారీ ఒకే తీరుగా పడే దెబ్బ మాత్రం పోగుపడి పైకి తేలుతుంది. లండను శాస్త్రజ్ఞుడు జార్జ్ డాసన్ చేసింది సరిగ్గా ఇదే. 1947లో చేతి నాడికి పదేపదే స్వల్పమైన విద్యుత్ తాకిడి ఇస్తూ మెదడు స్పందనల రేఖలను ఒకదానిపై ఒకటి పేర్చి చూపిన అతడు, 1950ల తొలినాళ్ళలో ఆ సగటును తనంతట తానే లెక్కగట్టే యంత్రాన్ని నిర్మించాడు.

ఇక్కడి గణితం సరళమే. నమోదులను సగటు తీసినప్పుడు అక్కరలేని ఘోష, నమోదుల సంఖ్యకు వర్గమూలం ఎంతో అంత వంతుకు తగ్గుతుంది. వంద చప్పుళ్ళ స్పందనను సగటు తీస్తే ఘోష పదో వంతుకు, రెండువేల చప్పుళ్ళకు తీస్తే సుమారు నలభై అయిదో వంతుకు దిగుతుంది. ఈ విధంగా ఏరితీసిన స్పందనను ప్రేరిత స్పందన అంటారు. అంటే తనంతట తాను పుట్టే తరంగం కాక, బయటి వెలుగో ధ్వనో ప్రేరేపించగా, దాని వెంటనే, ప్రతిసారీ దాదాపు అంతే వ్యవధిలో వచ్చేది.

ధ్వని నడిచే దారి

చెవిలో వినిపించిన ఒక చిటుకు శబ్దానికి మెదడు కాండం పది మిల్లీసెకన్ల లోపు, అంటే సెకనులో నూరోవంతు గడవకముందే, వరుసగా అయిదు ముఖ్యమైన తరంగాలుగా స్పందిస్తుంది. దీనిని జెరూసలెంలో సోమర్, ఫైన్‌మెసర్ 1967లో నమోదు చేయగా, అమెరికాలో డాన్ జూయెట్ 1970లో పిల్లులపైనా, అనంతరం సహచరులతో కలిసి మనుషులపైనా సమగ్రంగా వివరించాడు. ఆ తరంగాలలో మొదటిది చెవినాడి లోపలి చెవిని విడిచే చోట, పెద్ద శబ్దానికైతే దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లకు పుడుతుంది. మూడోది మెదడు కాండంలోని తొలి శ్రవణ కేంద్రం దగ్గర పుడుతుంది; అయిదోది ఆ కాండం పైభాగంలో, సుమారు అయిదున్నర మిల్లీసెకన్లకు పుడుతుంది. ఏ తరంగం ఏ చోటిదో తెలిసింది ప్రధానంగా జంతువుల ద్వారానే: 1975లో బుక్‌వాల్డ్, హువాంగ్ పిల్లుల్లో శ్రవణ మార్గాన్ని ఒక్కొక్క చోట తెంచుతూ ఏ తరంగం మాయమవుతుందో గమనించారు. కాబట్టి నేడు ఒక శిశువు తలమీది రేఖను చూసి, మొదటి తరంగం ఉండి అయిదోది ఆలస్యమైతే లోపం చెవిలో కాక దారిలో ఉందని వైద్యుడు చెప్పగలగడానికి వెనుక ఆ మూగజీవుల ఋణం ఉంది.

జంతువుల వినికిడిని తెలుసుకోవడానికి పాత మార్గం ఒకటి ఉంది: ధ్వని వినబడగానే ఒక పని చేయాలని వాటికి నేర్పడం. ఓపికగా నేర్పి, ఆవులు మనిషి వినలేని 35 కిలోహెర్ట్జ్ స్థాయి ధ్వనులను సైతం గుర్తిస్తాయని 1980లలో నిర్ధారించారు. నేర్పడం కుదరని చోట, తొందరగా తెలియవలసిన చోట ప్రేరిత స్పందనే ఆధారం. డాల్ఫిన్ల చర్మానికి పీల్చి అతుక్కునే గిన్నెలతో తీగలు అమర్చి, 150 కిలోహెర్ట్జ్ దాకా వాటి వినికిడి విస్తరించి ఉందని దీనిద్వారా కూడా చూపారు. తెల్లని చర్మంపై నల్లచుక్కలుండే డాల్మేషియన్ జాతి కుక్కల్లో పుట్టుచెవుడు ఎక్కువ. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో ద్రవాల లవణ సమతూకానికి కూడా అవసరం కావడం వల్ల, ఆ కణాలు లోపించిన చోట తెలుపూ చెవుడూ కలిసివస్తాయి. ఒక చెవి మాత్రమే చెవిటిదైన కూన పిలిస్తే పలుకుతుంది, చప్పుడుకు తిరిగి చూస్తుంది. దాని లోపం తరంగాలలో తప్ప మరెక్కడా కనబడదు.

వెలుగు నడిచే దారి

చూపు విషయంలో ప్రేరిత స్పందన మరింత నెమ్మదిగా, మరింత పెద్దదిగా వస్తుంది. తెరమీద చదరంగపు గళ్ళు చూపి, నల్లగడిని తెల్లగా, తెల్లగడిని నల్లగా ఉన్నట్టుండి మార్చినప్పుడు, సుమారు 100 మిల్లీసెకన్లకు తల వెనుకభాగంలో ఒక స్పష్టమైన తరంగం లేస్తుంది. లండనులో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ 1972లో, చూపునాడి వాచిన రోగుల్లో చూపు మెరుగుపడిన తరువాత కూడా ఈ తరంగం ఆలస్యంగానే వస్తుందని చూపారు. నాడీతంతువుల మీది కొవ్వుపొర, అంటే మైలిన్, దెబ్బతింటే సంకేతం నెమ్మదిస్తుందన్న సూత్రానికి అది మనిషిలో దొరికిన సులువైన కొలత అయింది. నవజాత శిశువుల్లో ఇదే తరంగం పెద్దలకంటే చాలా ఆలస్యంగా వచ్చి, తొలి నెలల్లోనే వేగం పుంజుకుంటుంది. గళ్ళను చిన్నవి చేసుకుంటూ పోతే ఏ పరిమాణం దగ్గర స్పందన ఆగిపోతుందో చూసి, అక్షరం చదవలేని బిడ్డ చూపు ఎంత సూక్ష్మమో అంచనా కట్టవచ్చు.

చూపు దారిలో లోపం ఎక్కడుందో నిర్ణయించడానికి ఈ పరీక్షను కంటి విద్యుత్తును కొలిచే పరీక్షతో కలిపి చదువుతారు. కప్ప కంటిలో వెలుగుకు విద్యుత్తు మారుతుందని స్వీడన్‌కు చెందిన హోల్మ్‌గ్రెన్ 1865లోనే కనుగొనడంతో ఆ రెండో పరీక్షకు బీజం పడింది. కంటి స్పందన సరిగా ఉండి మెదడు స్పందన లేకపోతే లోపం కన్ను దాటిన తరువాత, చూపునాడిలోనో మెదడులోనో ఉందన్నమాట. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డల్లో ఇది తరచు కనబడుతుంది. కంటి వైద్యంలో తెలుగునాట పేరెన్నికగన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన తరువాత, కన్ను చక్కగా కనబడుతున్నా చూపులేని పిల్లలను గుర్తించి, తగిన శిక్షణ ఇప్పించే అవకాశం ఈ ప్రాంత కుటుంబాలకు దగ్గరైంది.

పల్నాటి పసిబిడ్డలూ మిల్లుల మోతా

ప్రపంచంలో ఎక్కడైనా వెయ్యిమంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురు చెప్పుకోదగిన వినికిడి లోపంతో పుడతారు. దక్షిణాదిలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకునే పెళ్ళిళ్ళు దేశంలోని ఇతర ప్రాంతాలకంటే చాలా ఎక్కువ కావడంతో, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో జతకూడి బయటపడే అవకాశమూ ఎక్కువే. పుట్టుచెవుడుకు కారణమయ్యే జీజేబీ2 జన్యువులో భారతదేశంలో తరచుగా కనబడే ఒక మార్పు, శతాబ్దాల కిందట భారతదేశం నుంచి వలసవెళ్ళిన ఐరోపా రోమా ప్రజల్లోనూ ఉండడం, ఆ లోపం ఎంత పాతదో తెలుపుతుంది.

పుట్టుచెవుడు ఉన్న బిడ్డ ఏడుస్తుంది, నవ్వుతుంది, తొలి నెలల్లో ఊ కొడుతుంది కూడా. అందువల్ల రెండేళ్ళు దాటినా మాట రాకపోతే, మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమేనని పెద్దలు సర్దిచెప్పుకోవడం మామూలు. కాని భాష పట్టుబడే మెదడు అంతకాలం ఎదురుచూడదు. తెలుగు బిడ్డ 'పాట', 'పాత' అనే మాటల్లోని ట, త ధ్వనులను వేరుచేయగలగడం గొప్ప విషయంగా పెద్దలకు తోచదు. అయితే హిందీలోని ఇటువంటి జంటపై వెర్కర్, టీస్ 1984లో జరిపిన పరిశోధనలో, ఇంగ్లీషు కుటుంబాల శిశువులు ఆరు నెలల వయసులో ఆ తేడాను గుర్తించి, ఏడాది నిండేసరికి ఆ శక్తిని చాలావరకు కోల్పోయారని తేలింది. విన్న భాషకు తగ్గట్టు మెదడు తన్ను తాను తీర్చిదిద్దుకునే ఆ ఏడాదిలో ఏమీ వినని బిడ్డకు, సైగలభాష కూడా ఎవరూ అందించకపోతే, జరిగే నష్టాన్ని తరువాత పూడ్చడం కష్టం. అందుకే నెల లోపు తొలి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స అన్న నియమాన్ని వైద్యులు పాటిస్తారు.

వైద్యులు బెరా అని పిలిచే పరీక్ష పైన వివరించిన అయిదు తరంగాల నమోదే. నిద్రలోనూ మత్తులోనూ ఈ తరంగాలు మారవు గనుక, పాలు తాగి పడుకున్న బిడ్డకే పరీక్ష చేయవచ్చు. నుదుటా చెవుల వెనుకా మూడు నాలుగు తీగలు అతికించి, చెవిలో చిటుకులు వినిపించి, శబ్దాన్ని తగ్గించుకుంటూ పోతూ అయిదో తరంగం ఎక్కడ మాయమవుతుందో చూస్తారు. దీనికంటే చౌకైన మరొక పరీక్ష, లోపలి చెవి స్వయంగా వెలువరించే సన్నని ధ్వనిని పట్టుకునేది, 1978లో డేవిడ్ కెంప్ కనుగొన్న విషయంపై ఆధారపడింది. అయితే అది లోపలి చెవి దాకా మాత్రమే చెప్పగలదు. పుట్టిన వారంలో పచ్చకామెర్లు బాగా ముదిరిన బిడ్డలో లోపలి చెవి చక్కగా ఉండి, నాడి మాత్రం సంకేతాన్ని సక్రమంగా చేరవేయకపోవచ్చు. అటువంటి బిడ్డ ఈ చౌక పరీక్షలో నెగ్గి బెరాలో దొరుకుతుంది. నెలలు నిండకుండా పుట్టినవారికీ, కామెర్లు ముదిరినవారికీ, రక్తసంబంధపు పెళ్ళిళ్ళ సంతానానికీ బెరా తప్పనిసరి అని ఇందుకే చెప్పవలసి ఉంటుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుచెవుడును తాను వెతికే లోపాల జాబితాలో చేర్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను, అంటే లోపలి చెవిలో తీగను అమర్చి నాడిని నేరుగా ప్రేరేపించే చికిత్సను, అందుబాటులోకి తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. చికిత్స ఉన్నచోట మిగిలిన అడ్డంకి ఆలస్యంగా కనిపెట్టడమే గనుక, మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో పుట్టిన బిడ్డకు కూడా ప్రసవమైన ఆసుపత్రి విడిచేలోగా తొలి పరీక్ష జరగడం జిల్లా వైద్యవ్యవస్థ ముందున్న కనీస లక్ష్యంగా ఉండాలి. పుట్టుచెవుడులో ఒక అరుదైన రకానికి చైనా వైద్యులు జన్యుచికిత్స చేసి, ఆరుగురు పిల్లల్లో అయిదుగురికి వినికిడి కలిగిందని 2024లో ప్రకటించినప్పుడు, దానికి వారు చూపిన ముఖ్య రుజువుల్లో ఒకటి అంతకుముందు లేని తరంగాలు కొత్తగా కనబడడమే.

పెద్దల విషయంలోనూ ఒక హెచ్చరిక జంతువుల నుంచే వచ్చింది. చిలకలూరిపేట, యడ్లపాడు ప్రాంతాల నూలుమిల్లుల్లోనూ, పిడుగురాళ్ళ చుట్టూ ఉన్న సున్నపురాయి పనుల్లోనూ రోజంతా మోత మధ్య గడిపేవారు, సాయంత్రం చెవులు గింగురుమన్నా తెల్లవారేసరికి సర్దుకుంటాయని ధైర్యపడతారు. కుజావా, లిబర్‌మన్ 2009లో ఎలుకలకు రెండు గంటలపాటు 100 డెసిబెళ్ళ మోత వినిపించగా, కొన్ని వారాల్లో వాటి వినికిడి పూర్తిగా తిరిగివచ్చినట్టే కనబడింది. కాని పెద్ద శబ్దాలకు వచ్చే మొదటి తరంగం శాశ్వతంగా కుంగిపోయింది, లోపలి చెవికణాలనూ నాడినీ కలిపే నాడీసంధులు కొన్నిచోట్ల సగం దాకా నశించాయి. మనుషుల్లో ఈ నష్టం ఎంతన్నదానిపై చర్చ ఇంకా సాగుతున్నా, తిరిగి వినబడుతున్నది గనుక చెవి క్షేమమేనన్న భరోసాకు ఆధారం లేదని ఆ తరంగం చెప్పినట్టయింది. చెవులకు రక్షణ కవచాలు ఇవ్వడం, ఇచ్చినవి పెట్టుకునేలా చూడడం ఖర్చులేని వైద్యం వంటిది.

అందడం వేరు, అర్థం కావడం వేరు

తొలి పది మిల్లీసెకన్ల తరంగాలు సంకేతం అందిందని మాత్రమే చెబుతాయి. ఆ తరువాత వచ్చే తరంగాలలో మెదడు చేసే పోలికలూ నిర్ణయాలూ కనబడతాయి. ఒకే స్వరం పదేపదే వినిపించి మధ్యలో ఒక్కసారి వేరే స్వరం వినిపిస్తే, వినేవాడి ధ్యాస మరోచోట ఉన్నా, ఆ తేడాను మెదడు 100 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య గుర్తుపడుతుందని ఫిన్లండుకు చెందిన నాతనెన్ 1978లో చూపాడు. ఈ స్పందన నిద్రించే నవజాత శిశువుల్లోనూ, పిల్లులు, కోతుల వంటి జంతువుల్లోనూ లభించింది, కోమాలోని రోగికి ఇది ఉండడం తిరిగి స్పృహ వచ్చే ఆశకు ఒక సూచనగా నిలిచింది. ఎదురుచూస్తున్న, అరుదైన సంకేతం వచ్చినప్పుడు దాదాపు 300 మిల్లీసెకన్లకు లేచే మరొక పెద్ద తరంగాన్ని సటన్, సహచరులు 1965లో వెల్లడించారు.

లోతుకు పోయేకొద్దీ సాక్ష్యం పలుచబడుతుందనడానికి భారతదేశ అనుభవమే రెండు ఉదాహరణలిస్తుంది. ఢిల్లీలో ఆనంద్, ఛినా, బల్దేవ్ సింగ్ 1961లో ప్రచురించిన పరిశోధనలో, సమాధిస్థితిలో ఉన్న యోగులకు వెలుగు చూపినా, పెద్ద చప్పుడు చేసినా ఆల్ఫా తరంగాలు అణగలేదు. 1966లో జపానులో కసమట్సు, హిరాయ్ జెన్ సాధకుల్లో ప్రతి శబ్దానికీ ఆల్ఫా తాజాగా అణగుతుందని, అలవాటుపడి మందగించదని వేరొక ఫలితం చూపారు. రెండు సంప్రదాయాల తాత్త్విక భేదాన్ని ఈ తరంగాలు రుజువు చేశాయని అనేకులు సంబరపడ్డారు గాని, 1981లో బెకర్, షాపిరో వివిధ సాధకులను ఒకే పద్ధతిలో పరీక్షించినప్పుడు ఆ తేడాలు కనబడలేదు. నాగార్జునకొండ వంటి ధ్యానక్షేత్రం ఉన్న పల్నాటిలో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది: ధ్యానం గొప్పతనం తరంగాల రుజువు మీద ఆధారపడి లేదు, కొద్దిమందిపై చేసిన కొలత మీద ఒక దర్శనాన్ని నిలబెట్టడం శాస్త్రానికీ మంచిది కాదు.

రెండో ఉదాహరణ న్యాయస్థానానిది. నేరానికి సంబంధించిన వస్తువునో మాటనో చూపినప్పుడు నిందితుని మెదడు 'గుర్తుపట్టిన' తరంగం చూపిందని చెప్పే బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు మన దేశంలో కొంతకాలం విరివిగా సాగాయి. సెల్వి కేసుగా పేరుపొందిన వ్యాజ్యంలో 2010 మే 5న సుప్రీంకోర్టు, ఇష్టం లేనివానిపై ఇటువంటి పరీక్ష జరపడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా బలవంతం చేయరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి విరుద్ధమనీ, ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం ఒక్కటే సాక్ష్యంగా చెల్లదనీ తీర్పు చెప్పింది. శాస్త్రదృష్టితో చూసినా ఆ తీర్పు సబబే. ఒక వస్తువు పరిచితమని తరంగం సూచించవచ్చు. ఆ పరిచయం నేరం చేయడం వల్ల కలిగిందా, వార్తల్లో చూడడం వల్ల కలిగిందా, పోలీసుల ప్రశ్నల్లోనే కలిగిందా అన్నది దానికి తెలియదు.

ఈ రెండు రకాల సాక్ష్యాల మధ్య గీత స్పష్టంగానే ఉంది. మాట్లాడలేని బిడ్డ, కుక్కకూన, కోమా రోగి విషయంలో ప్రశ్న చిన్నది, సంకేతం చేరిందా లేదా అన్నది. దానికి తరంగం ఇచ్చే జవాబు నమ్మదగినది, ఆ జవాబు అడగకపోవడమే అన్యాయం. మాట్లాడగల పెద్దమనిషి మనసులో ఏముందన్న ప్రశ్న పెద్దది. అక్కడ తరంగాన్ని మాటకు బదులుగా నిలబెట్టడం అన్యాయం. మొదటి ప్రశ్న ఇప్పటికీ చాలామంది పసిబిడ్డల విషయంలో సకాలంలో అడగడం లేదు గనుక, రెండో ప్రశ్నకు వెచ్చించే ఉత్సాహాన్నీ పరికరాలనూ మొదటిదానికి మళ్ళించడం వైద్యులూ, పరిపాలకులూ, ప్రజలూ కలిసి చేయవలసిన పని.